చివరి మొక్కయెడ మన ధర్మమేమి?

మారిషస్ దీవిలో క్యూర్పీప్ అను పట్టణము కలదు. అచ్చటి ఉద్యానవనమున తాటి, ఈత, పోక చెట్ల కుటుంబమునకు చెందిన వృక్షమొకటి దశాబ్దముల తరబడి ఒంటరిగా నిలిచినది. శాస్త్రజ్ఞులు దానికిడిన పేరు హయోఫోర్బె అమరికాలిస్. ఆ జాతిలో దానికి తోడుగా మరియొక చెట్టు ఈ భూమిపై ఎచ్చటను కానరాలేదు. అది గొడ్డుచెట్టు కాదు, పూచును. మగపూవులును ఆడుపూవులును ఒకే చెట్టున పుట్టును. అయితే రెండును ఒకే వేళకు పక్వమునకు రావు. ప్రక్కన వేరొక చెట్టున్నచో దాని పుప్పొడి దీని ఆడుపూవులకు అందియుండెడిది. ప్రక్కన ఏదియు లేదు. కాసిన కొలది కాయలనుండి పరిశోధనాగారములలో మొలకలు తీయబూనిన వారికి ఆ మొలకలను మట్టిలో నిలబెట్టుట సాధ్యపడలేదు.

ఆ దీవి మన తెలుగువారికి పరాయిది కాదు. 19వ శతాబ్దిలో కోరంగి, విశాఖపట్టణము రేవులనుండి చెరకుతోటల కూలికై ఓడలెక్కి పోయిన మనవారి సంతతి నేటికిని అచ్చట తెలుగు నేర్చుకొనుచు, ఉగాది చేసికొనుచు ఉన్నారు. కోరంగి రేవు పేరుమీదుగ వారిని కోరింగీలని పిలుచు వాడుకయు అచ్చట ఏర్పడినది. వారు దిగునాటికే అడవి కొంతవరకు చెడినది. మన తుమికి చెట్టుకు దాయాదియగు నల్లచేవ చెట్లను మొదట డచ్చివారు నరికి ఎగుమతి చేసిరి. పిదప ఫ్రెంచివారును, ఆ తరువాత ఆంగ్లేయులును అడవిని చెరకుతోటలుగ మార్చిరి. నేడు ఆ దీవిలో మేలైన సహజారణ్యము నూటికి రెండు పాళ్ళైనను మిగిలి లేదు. ఆ నరుకుటలో, ఆ దున్నుటలో మన కోరంగివారి చేతులును ఉన్నవి. పొట్టకూటికై సముద్రము దాటినవారిని తప్పుపట్టుట న్యాయము కాదు. అయినను ఆ ఒంటరి వృక్షము కథ మనకు సంబంధము లేనిదనుటకు నాకు నోరు రాదు.

ఈ సంగతి ఒక సాయంకాలము ప్రస్తావనకు రాగా, వ్యవసాయశాఖలో పనిచేసి విరమించిన మిత్రులొకరు నన్నిట్లు అడిగిరి: "అయ్యా, ఆకలితో ఉన్నవానికి ఆ చెట్టు పట్టెడన్నము పెట్టునా? రోగికి మందగునా? అటువంటి చెట్టొకటి పోయినచో లోకమునకు వచ్చు లోటేమి? దానికై వెచ్చించు ధనముతో ఒక ఊరికి నీళ్ళు తేవచ్చును గదా!" అడిగినవారు కఠినహృదయులు కారు, తమ పెరటి మొక్కలను పిల్లలవలె చూచుకొనువారు. కావున ఆ ప్రశ్నను త్రోసిపుచ్చుటకు నాకు మనసొప్పలేదు. సమాధానము తోచక ఆనాటికి ఊరకుంటిని. ఈ వ్యాసము ఆ బాకీ తీర్చుటకు చేయు ప్రయత్నము.

ఇట్టి ప్రశ్న వేసినవారిలో నా మిత్రులు మొదటివారు కారు. దక్షిణ అట్లాంటిక్ సముద్రమధ్యమున సెయింట్ హెలినా అను చిన్న దీవి కలదు. వైశాల్యము సుమారు 122 చదరపు కిలోమీటర్లు. 1502లో పోర్చుగీసువారు దానిని కనుగొనిరి. 1513లో అచ్చట మేకలను విడిచిరి. వచ్చిపోవు ఓడలవారికి మాంసము దొరకవలెనని వారి ఉద్దేశము. 1659 నుండి ఆ దీవి ఈస్టిండియా కంపెనీ వశమైనది. 1611లో మన మచిలీపట్టణమున కోఠీ పెట్టిన కంపెనీయే అది. మన దేశమునుండి సరుకులతో ఇంగ్లండుకు మరలు ఓడలు నీటికిని, ఆహారమునకును అచ్చట ఆగెడివి. మేకలు మందలు మందలుగ పెరిగి, మొలచిన మొక్కను మొలచినట్లే మేసివేసెను. ఎబొని, రెడ్‌వుడ్ అని వారు పిలిచిన రెండు చెట్లు ఆ దీవియందు తప్ప మరెక్కడను లేనివి. రెండును మన మందార కుటుంబమునకు చెందినవి. వాటి బెరడును తోళ్ళు ఊనుటకు వలిచిరి. ఎబొని కలపను సున్నపుబట్టీలలో కాల్చిరి. 18వ శతాబ్దిలో ఒక గవర్నరు, మేకలు ఎబొని మొక్కలను సర్వనాశనము చేయుచున్నవనియు, వాటిని తగ్గింప సెలవు కావలెననియు లండనుకు వ్రాసెను. ఎబొనికంటె మేకలే ఎక్కువ ఉపయోగము గనుక వాటిని చంపరాదని డైరెక్టర్లు బదులు వ్రాసిరి.

ఆ బదులు వ్రాసినవారు మూర్ఖులు కారు. వారి లెక్క వారికి సరియే. ఆరునెలలు ఉప్పుమాంసము తిన్న నావికునకు తాజా మాంసము కావలెను. కొండమీది చెట్టుతో వానికి పనిలేదు. నా మిత్రుల ప్రశ్నలోను ఆ బదులే మర్యాద వేషమున దాగియున్నదని నాకు ఆలస్యముగ తోచినది. ప్రయోజనమును లెక్కించునపుడు లెక్కించువాని కాలమును, వాని ఆకలియు మాత్రమే త్రాసులో పడును. కొండలు బోడియై, మట్టి కొట్టుకొనిపోయి, ఆ దీవివారికే వంటచెరకు కరవైనపుడు ఆ డైరెక్టర్లలో ఎవరును బ్రతికి లేరు.

దీవుల మొక్కలు ఏల ఇంత సులభముగ నశించును? అవి ఆ చోటికి చేరిన విధమే కారణము. ఏ పక్షి కడుపులోనో, గాలితోనో, సముద్రపు నురుగులోనో కొట్టుకొని వచ్చిన ఒకటి రెండు గింజలనుండి వాటి వంశములు మొదలైనవి. మేసెడి పశువులు లేనిచోట లక్షల సంవత్సరములు పెరుగుటచే ముండ్లను, విషమును, ఘాటును అవి క్రమముగ విడిచిపెట్టినవి. హవాయి దీవులలో పుదీనా కుటుంబపు మొక్కలు పెక్కు కలవు. ఆకు నలిపి చూచినను పుదీనా వాసన ఇంచుమించు రాదు. అచ్చటి అడవి రాస్‌బెర్రీకి ముండ్లు దాదాపు లేవు. కాపలా అక్కరలేని ఇంటికి తలుపు పెట్టనట్లున్నది వాటి స్థితి. ఆ దీవుల స్వదేశీయ పుష్పించు మొక్కలలో నూటికి తొంబది వంతులు ప్రపంచమున మరెక్కడను లేనివి. అచ్చట పోయినచో అంతటను పోయినట్లే.

ఇక నేను ముఖ్యముగ చెప్పదలచిన విషయమునకు వచ్చుచున్నాను. మనము జాతి అనునపుడు ఒకే అచ్చున పోసిన బొమ్మల వరుసను ఊహింతుము. సృష్టిలో అట్లు లేదు. ఒకే మామిడిచెట్టు కాయలనుండి పది టెంకలు పాతినచో సాధారణముగ పది చెట్లకును పది రుచులు. ఒకటి ఎండకు ఓర్చును, ఒకటి తెగులుకు ఓర్చును, ఒకటి ఆలస్యముగ కాయును. తల్లిదండ్రులనుండి సంక్రమించు జన్యువుల కూర్పు ఒక్కొక్క దానియందు ఒక్కొక్క విధము. శాస్త్రజ్ఞులు జన్యు వైవిధ్యమని చెప్పునది ఇదియే. కరవు వచ్చినను, క్రొత్త తెగులు వచ్చినను ఆ పదింటిలో ఏదో ఒకటి మిగులును. మిగిలినదానినుండి వంశము సాగును. అంటు కట్టిన చెట్ల సంగతి వేరు. నూరు అంటులున్నను అవి నూరు చెట్లు కావు. నూరు చోట్ల నిలిచియున్న ఒకే చెట్టు. మన చెరకు రైతులకు ఈ సంగతి చెప్పనక్కరలేదు. ముచ్చెలు నాటి పెంచిన తోటలో ఎర్రకుళ్ళు సోకినపుడు మడి వెంట మడి ఏల పోవునో వారు కన్నులార చూచినవారు.

దీనికి తోడు మరియొక చిక్కు. మన ఇండ్లలో సంబంధము చూచునపుడు మొదట గోత్రమడుగుదుము. పెక్కు మొక్కలలో ఆ అడుగుట పూవే చేయును. కీలాగ్రముపై వ్రాలిన పుప్పొడి తనదేయైనను, తన గురుతులే కలదైనను పూవు దానిని లోనికి రానీయదు, గింజ కట్టదు. (మేనరికమునకు మనము పెట్టుకొన్న సడలింపు ఆ పూవులకు తెలియదు.) సమూహము పెద్దదైయున్నపుడు ఈ కట్టుబాటు వంశమునకు రక్ష. సమూహము చిన్నదైనపుడు అదియే ఉరి. మిగిలినవారందరును సగోత్రీకులైన ఊరిలో పెండ్లి జరుగుటెట్లు?

సెయింట్ హెలినాలోనే ఇట్టిది జరిగినది. అచ్చట ఓలివ్ అను పేరుతో ఒక చెట్టుండెడిది. పేరే గాని అది ఓలివ్ కాదు. రేగు కుటుంబమునకు చెంది, తన ప్రజాతికంతకు తానొక్కతియే అయిన చెట్టు. 19వ శతాబ్దిలోనే అంతరించినదని తలచిన ఆ జాతిలో ఒక చెట్టు 1977లో కొండ శిఖరమువద్ద కానవచ్చెను. దానిని కనుగొన్న జార్జి బెంజమిన్ ఆ దీవివాడే. కొండలెక్కి మొక్కలను వెదకుటయే కాయకముగ పెట్టుకొన్నవాడు. ఆ ఒంటరి చెట్టు పూవులు తమ పుప్పొడిని తామే నిరాకరించెను. బహు కష్టముమీద కొలది మొలకలు దక్కినవి, ఒక కొమ్మ వేరూనినది. 1994లో తల్లిచెట్టు పోయెను. పెంచిన మొక్కలను ఒక్కొక్కటిగ బూజు తెగులు పట్టుకొన్నది. 2003లో ఆఖరి మొక్కయు చచ్చెను. ఇరువదియారు సంవత్సరములు ఆ జాతి మనుష్యుల చేతులలోనే ఉన్నది. శ్రద్ధకు లోటు లేదు, శాస్త్రజ్ఞానమునకు లోటు లేదు. లేనిది రెండవ చెట్టు.

ఇచ్చట ఒకరు అడుగవచ్చును: ఒకటి కాక రెండో మూడో ఉన్నయెడల వాటినుండి వందలు పెంచినచో చాలదా? ఈ ప్రశ్నకు హవాయి దీవులలోని మౌనా కెయా పర్వతము సమాధానము చెప్పినది. అది 4,200 మీటర్లకు పైబడిన అగ్నిపర్వతము. దాని ఎగువ వాలులయందు ఒక అపూర్వమైన మొక్క పెరుగును. మన చేమంతి, పొద్దుతిరుగుడు కుటుంబమునకు చెందినది. కత్తులవంటి ఆకులపై వెండి జలతారువంటి నూగు కప్పుకొని నేలబారున గుండ్రముగ కూర్చుండును. ఆంగ్లేయులు దానిని సిల్వర్‌స్వోర్డ్ అందురు. మనము వెండికత్తి మొక్క యనవచ్చును. కొన్ని దశాబ్దములు అట్లే ఉండి, ఒక్కమారు మనిషెత్తు గెల వేసి, వందల పూవులు పూచి, గింజ రాల్చి చచ్చును. జీవితమునకంతకు పూత ఒక్కటే. 1825లో జేమ్స్ మక్రే అను వృక్షశాస్త్రజ్ఞుడు ఆ కొండనెక్కి దానిని చూచి వర్ణించెను. అంతకు ముందే 18వ శతాబ్ది చివర ఓడలలో దిగిన పశువులును గొఱ్ఱెలును పెరుగుచు వచ్చెను. 1970 నాటికి వైలుకు నది ఎగువ భాగమున, గొఱ్ఱె కాలుమోపలేని కొండచరియలపై కొన్ని పదుల మొక్కలు మాత్రము మిగిలినవి.

అప్పుడు అధికారులు మంచి పనియే తలపెట్టిరి. 1973లో పూచిన మొక్కలనుండి గింజలు తీసి, నారు పోసి, కంచెలు కట్టి, కొండపై నాటింపసాగిరి. 1990 దశకము నాటికి అట్లు నాటినవియు, వాటి సంతతియు కలిసి నాలుగువందల యాభైకి మించినవి. చూచినవారందరును జాతి గట్టెక్కినదని సంతోషించియుందురు, నేనైనను సంతోషించియుందును. రాబర్ట్ రాబిషో, ఎలిజబెత్ ఫ్రయర్ మొదలగు శాస్త్రజ్ఞులు ఆ మొక్కల జన్యువులను పరీక్షించి చూచిరి. నాలుగువందల యాభైయును కేవలము రెండు తల్లిమొక్కల సంతానమని తేలినది. చరియలపై మిగిలిన ఆ కొన్ని పదుల మొక్కలలో కానవచ్చిన జన్యు భేదములలో అధికభాగము ఈ వందలలో కానరాలేదు. ఈ మొక్కయు తన పుప్పొడిని తాను గ్రహింపనిదే. తోబుట్టువుల నడుమ గురుతులు కలిసిన కొలది గింజ పట్టుట తగ్గును. కొండపై మొక్కల సంఖ్య పదిరెట్లు పెరిగినది. ఆ జాతి సొత్తు మాత్రము పెరగలేదు.

ఇది చదివినపుడు నాకు మా అవ్వ జ్ఞాపకము వచ్చినది. బీర, సొర విత్తనములు తీయునపుడు ఆమె ఒక్క పాదు కాయతో సరిపెట్టెడిది కాదు. ఎంత మంచి కాయయైనను సరే, మూడు నాలుగు పాదుల కాయలు ముదురనిచ్చి, గింజలు కలిపి, బూడిద పట్టించి ఉట్టిపై దాచెడిది. అందు ఒక పాదు చూచుటకు పీలగానే ఉండెడిది. దాని గింజ ఎందుకని నేనొకమారు అడిగితిని. ఆ పాదు క్రిందటేడు వానలు లేనపుడు కూడ కాసినదని ఆమె చెప్పినది. ఆమెకు అక్షరములు రావు.

ఇప్పుడు మరల హిందూమహాసముద్రమునకు పోవుదము. మారిషస్‌కు తూర్పున సుమారు 560 కిలోమీటర్ల దూరమున రోడ్రిగ్స్ అను దీవి కలదు. అచ్చట కాఫీ కుటుంబమునకు చెందిన కఫే మరాన్ అను మొక్క అంతరించినదని అందరును నమ్మియుండగా, 1980 ప్రాంతమున ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులకు ఆ మొక్క పాత చిత్రమును చూపెను. ఒక బాలుడు అట్టి మొక్క తమ ఇంటి సమీపమున ఉన్నదని కొమ్మ త్రుంచి తెచ్చెను. అదియే చివరిది. ఆ వార్త వ్యాపించిన పిమ్మట జరిగినది విచారింపదగినది. దానితో రోగములు కుదురునని స్థానికులకు నమ్మకము. అరుదైనదని తెలిసినకొలది ఆ నమ్మకము పెరిగినది. కొమ్మలు విరిచిరి, బెరడు చెక్కిరి. కంచె కట్టినచో కంచె దాటిరి. కంచె చుట్టు మరియొక కంచె కట్టవలసి వచ్చెను. రోగముతో బాధపడువాడు ఆకుకై చేయి చాచుట పాపమని నేను అనను. కాని వాని తాత కాలమున ఆ దీవిలో ఆ మొక్కలు పెక్కు ఉండినచో వానికి ఆకు దొరికెడిది, మొక్కకు ప్రాణము దక్కెడిది. చివరి మొక్కవద్ద మాత్రమే ఆ రెండు ధర్మములును ఒకదానితో ఒకటి పోట్లాడును.

1986లో దాని కొమ్మలను విమానముపై లండనులోని క్యూ ఉద్యానమునకు పంపిరి. వేరూనిన మొక్క సంవత్సరముల తరబడి విరివిగ పూచినది, ఒక్క కాయయు కాయలేదు. 2003లో కార్లోస్ మగ్దలీనా అను తోటమాలి పూవు కీలాగ్రమును కోసి, ఆ కోతపై పుప్పొడి నేరుగ పెట్టి, వందల పూవులపై విసుగులేక ప్రయత్నించి కాయ పట్టించెను. గింజలు మొలచినపుడు అందరికిని ఆశ్చర్యము కలిగినది. తల్లిమొక్క ఆకులు గుండ్రనివి. బాలమొక్కల ఆకులు సన్నని పొడుగాటి రిబ్బనులు, వేరొక జాతివేమో అనిపించునట్టివి. ఆ దీవిలో ఒకప్పుడు వేలకొలది పెద్ద తాబేళ్ళు తిరుగుచుండెడివి. 1800 ప్రాంతమునకు మనుష్యులు వాటిని చంపి తినివేసిరి. తాబేలు నోటికి అందునంత ఎత్తువరకు ఆ మొక్క తన ఆకును మారువేషమున దాచెడిదని శాస్త్రజ్ఞులు ఊహించుచున్నారు. తాబేళ్ళు పోయి రెండు వందల సంవత్సరములైనను మొక్కకు ఆ భయము మరపునకు రాలేదు. ఒక్క కొమ్మముక్కలో ఇంత చరిత్ర దాగియుండగా, పోయిన వేరు మొక్కలలో ఏమేమి దాగియుండెనో ఎవరు చెప్పగలరు? తరువాత ఆ మొక్కలు స్వదేశమునకు చేరినవి. సంతోషమే. కాని అవియన్నియు ఒకే తల్లి ఇల్లు. వెండికత్తి మొక్క కథ వాటికిని వర్తించును.

మరియొక విషమసమస్య సెయింట్ హెలినా ఎబొనిది. పూర్తిగా పోయినదనుకొన్న ఆ చెట్టును 1980లో, రెండే రెండు పొదలుగ, ఒక సముద్రపు కొండచరియపై కనుగొనిరి. త్రాడు కట్టుకొని క్రిందికి దిగి కొమ్మలు తెచ్చినది ఆ బెంజమిన్ సోదరుడు. నేడు దాని సంతతి వేలకు చేరినది. దాని సోదరజాతియగు రెడ్‌వుడ్ మాత్రము ఒకే చెట్టు సంతానముగ మిగిలి, తరతరమునకు బలహీనమగుచున్నది. ఈ రెండును ప్రక్కప్రక్కన నాటినచోట సంకరమైనవి. ఆ సంకరసంతానము తల్లిదండ్రులిరువురికంటె దృఢముగ పెరుగుచున్నది. దానికి బెంజమిన్ పేరే పెట్టిరి. అయితే చచ్చుచున్న రెడ్‌వుడ్‌ను శుద్ధముగ ఉంచి దాని చావును చూచుచుండుట ధర్మమా? సంకరము చేసి దాని రక్తములో సగమైనను బ్రతికించుట ధర్మమా?

నేను చాలనాళ్ళు మొదటి పక్షముననే ఉంటిని; శుద్ధియను మాటకు నాలో ఏదో మమకారము. తరువాత ఆలోచింపగా ఆ మాట ఇచ్చట పనికిరాదనిపించినది. ఒకే చెట్టునుండి వచ్చిన రెడ్‌వుడ్ శుద్ధమైనది కాదు, దరిద్రమైనది. కాని సంకరము బలిసి మిగిలిన ఎబొనిని సైతము కలిపివేసినచో ఒకటి దక్కుటకు రెండు పోవును. కావున సంకరవృక్షములను ఊరి ప్రక్క తోటలలో పెంచుచు, శుద్ధమైనవాటిని దూరముగ వేరుచోట్ల కాపాడుటయే మేలని నాకు తోచుచున్నది. నిష్ఠావంతులైన చదువరులు కొందరు దీనితో ఏకీభవింపకపోవచ్చును. ఇట్టి గతి పట్టనిచ్చిన మనకు నిష్కళంకమైన మార్గము మిగిలియుండునని ఆశించుట తగదు.

ఇక నా మిత్రుల బాకీ. ఊరికి నీళ్ళా, చెట్టుకు కంచెయా యని అడిగిరి. ఆ పోటీని మనమే చివరి క్షణమున తెచ్చిపెట్టుకొందుము. వందల మొక్కలున్న కాలమున ఒక మేకలమందను వేరొక వాలుకు త్రోలుటతో సరిపోవును. దానికి ఒక ఊరి నీటి ఖర్చు కాదు. ఒక్క మొక్క మిగిలిన పిమ్మట విమానములు, గాజుగదులు, పరిశోధనాగారములు కావలెను. అన్నియు ఉన్నను సెయింట్ హెలినా ఓలివ్ దక్కలేదు. సంతానమిచ్చు ప్రాణులు 50కి తగ్గినచో సమీప బాంధవ్యపు దోషములు తరుముననియు, మారు కాలమునకు తగినట్లు మారగలుగుటకు 500 అయినను ఉండవలెననియు ఇయాన్ ఫ్రాంక్లిన్ 1980లో లెక్క చూపెను. ఆ అంకెలును చాలవు, రెట్టింపు కావలెనని 2014లో మరికొందరు వాదించిరి. హవాయి దీవులలో అడవియందు 50 కంటె తక్కువగ మిగిలిన మొక్కల జాతులు రెండువందలకు పైగా ఉన్నవి. మన కరుణ మేల్కొనునది ఒకటి మిగిలినపుడు. ధర్మము మనలను పిలుచునది ఐదువందలు నాలుగువందలైనపుడు. అప్పుడు మనకు అది సామాన్యమైన పొదగానే కనబడును. ప్రయోజనము మాట అడిగినవారికి నేను చెప్పగలిగినది ఇంతమాత్రమే: మా అవ్వ దాచిన పీల పాదు గింజకు ఏ ఏట పని పడునో ఆమెకును తెలియదు, తెలియదు గనుకనే దాచినది. మనము చేయని వస్తువును, మరల చేయలేని వస్తువును, మన తెలివిని నమ్ముకొని పారవేయు అధికారము మనకు లేదు.

ఇది విని నా మిత్రులు, "సరే, మౌనా కెయామీది ఆ నాలుగువందల యాభై మొక్కలను ఏమి చేసిరి? పెరికివేసిరా?" అని అడిగిరి. పెరికివేయలేదు. వైలుకు చరియలపై మిగిలిన పాత మొక్కలలో ఏది పూచునా యని వేసవిలో వెదకుచు పోయిరి. ఏ ఏట ఎన్ని పూచునో తెలియదు. ఒక ఏట అసలే పూయకపోవచ్చును. పూచినదాని వద్దకు చరియలెక్కి చేరి, కుంచెతో పుప్పొడి అద్దుకొని, దానిని కొండపై నాటిన మొక్కల పూవులకు అద్దిరి. వీటి పుప్పొడిని వాటికి అద్దిరి. వచ్చిన గింజలను ఏ తల్లిదో, ఏ తండ్రిదో వ్రాసిపెట్టి, ఒక్క తల్లి సంతానమే అధికము కాకుండ లెక్క చూచి నారు పోసి, గొఱ్ఱెలు రాని కంచెలలో వేలకొలదిగ నాటిరి. ఆ మొక్కలు పూచుటకు కొన్ని దశాబ్దములు పట్టును. అప్పుడు కుంచె పట్టవలసినవారు ఇప్పుడు బడిపిల్లలు.